పగ్గం వదలడానికి కెంటకీ దాకా

గురువారం: కొలంబస్ నుంచి లెక్సింగ్టన్

కెంటకీలో డ్రెసాజ్ అనే గుర్రపు స్వారీ పోటీకి బయల్దేరే రోజు. ఇంకా చీకటి విడలేదు. లాయంలో లైట్లు వేసేసరికి మేపుల్ తలుపు పైనుంచి తల బయటపెట్టి నాకేసి చూసింది. దెబ్బ తగలకుండా నాలుగు కాళ్ళకీ మెత్తటి పట్టీలు చుట్టి, ముఖతాడు తగిలించి ట్రెయిలర్ దగ్గరికి నడిపించాను. ర్యాంపు మీద ఒక్క క్షణం ఆగింది, వాసన చూసింది, ఎక్కేసింది. నా టెన్షన్ సగం అక్కడే తగ్గింది. ప్రయాణం రోజున గుర్రం ఎక్కనని మొరాయిస్తే గంటలకి గంటలు పోతాయి.

మేపుల్ 16 ఏళ్ళ ఆడ గుర్రం. క్వార్టర్ హార్స్ జాతి, ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లచుక్క. ఎత్తు 15.1 హ్యాండ్స్. గుర్రాన్ని భుజాల దగ్గర కొలుస్తారు, ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 15.1 అంటే 15 హ్యాండ్స్ మీద ఇంకొక అంగుళం, మొత్తం 61 అంగుళాలు. అది నా సొంతం కాదు, మా కోచ్‌ది. వారానికి 3 రోజులు స్వారీ చేసుకునేలా సగం లీజుకి తీసుకున్నాను. మిగిలిన రోజుల్లో దాని మీద పిల్లలు నేర్చుకుంటారు.

మాది తెనాలి. ఒహాయో వచ్చి 19 ఏళ్ళయింది. 41వ ఏట మా అమ్మాయిని స్వారీ క్లాసులో చేర్పించడానికి వెళ్ళి నేనూ చేరాను. అమ్మాయి రెండేళ్ళకి మానేసి ఈతకి మారింది, నేను ఉండిపోయాను. ఇప్పుడు నాకు 46. ఇంతకుముందు మా చుట్టుపక్కల లాయాల్లో జరిగే చిన్న పోటీల్లో ఆరుసార్లు పాల్గొన్నాను. రికార్డుల్లోకి ఎక్కే పెద్ద పోటీకి, అదీ వేరే రాష్ట్రానికి, రావడం ఇదే మొదటిసారి. మూడు రోజులు, నాలుగు టెస్టులు.

డ్రెసాజ్ అనేది ఫ్రెంచి మాట, శిక్షణ అని అర్థం. 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉన్న ఆవరణ చుట్టూ అక్షరాలు పెట్టి ఉంటాయి. టెస్టు అంటే, ముందే ముద్రించిన వరుస ప్రకారం ఏ అక్షరం దగ్గర ఏం చెయ్యాలో అది చెయ్యడం. ఒక్కో కదలికకీ జడ్జి 0 నుంచి 10 లోపు మార్కు వేస్తారు. మా బంధువులు 'గుర్రం డాన్సు' అంటారు. నాకు మాత్రం అది సంగీత సాధకంలా అనిపిస్తుంది. అమెరికాలో ఇంట్రడక్టరీ తర్వాత ట్రెయినింగ్ లెవెల్, ఆ పైన ఫస్ట్ నుంచి ఫోర్త్ దాకా, అవన్నీ దాటాక ఒలింపిక్స్‌లో చూసే గ్రాండ్ ప్రీ వైపు మెట్లు. నాది ట్రెయినింగ్ లెవెల్, అంటే సరళీ స్వరాలు అయి జంట స్వరాలకి వచ్చినట్టు. నడక, ట్రాట్ (చిన్న పరుగు), కాంటర్ (దానికన్నా వేగమైన దౌడు), 20 మీటర్ల వలయాలు, మధ్య గీత మీద తిన్నగా వచ్చి ఆగడం, ఇంతే అడుగుతారు. ఆ వలయం నిజంగా గుండ్రంగా రావడానికే నాకు రెండేళ్ళు పట్టింది.

ఐ-71 మీద దక్షిణానికి బయల్దేరాం. ట్రక్కు కోచ్ నడుపుతున్నారు, వెనక కారులో మావారు, అమ్మాయి, నేను. సిన్సినాటి ఊళ్ళోంచి ఒహాయో నది దాటే పాత రెండంతస్తుల బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఎప్పుడూ ఎక్కువే. గుర్రాలతో ఉన్నప్పుడు ఆగి కదులుతూ పోవడం మంచిది కాదని ఐ-275 చుట్టుదారిన కెంటకీలోకి దింపారు. దారిలో ఒకచోట ఆగి నీళ్ళు పట్టాం. కొత్త చోటి నీళ్ళు వాసన తేడాగా ఉంటే చాలా గుర్రాలు ముట్టవు, ఎండలో అలా ఉంటే కడుపు నొప్పి ప్రమాదం. అందుకని ఇంటి దగ్గర నీళ్ళే డబ్బాల్లో తెచ్చుకున్నాం.

ఐ-75 మీద 120వ ఎగ్జిట్ తీసుకోగానే రెండు పక్కలా నాలుగేసి పలకల కంచెలు, వాటి వెనక ఎక్కడ చూసినా పచ్చిక. కెంటకీ హార్స్ పార్క్ ఇక్కడే. 1978లో తెరిచారు. అమెరికా ఈక్వెస్ట్రియన్ (గుర్రపు స్వారీ) సమాఖ్య, డ్రెసాజ్ సమాఖ్య కార్యాలయాలు రెండూ ఈ ఆవరణలోనే ఉన్నాయి. గేటు దగ్గర కాగితాలు చూశారు: అంటురోగం లేదని చెప్పే కాగిన్స్ రక్తపరీక్ష, పశువుల డాక్టరు ఇచ్చిన ఆరోగ్య పత్రం, టీకాల వివరాలు. మనుషులం మేం ముగ్గురం లైసెన్సు కూడా తియ్యకుండా లోపలికి వెళ్ళాం.

మేపుల్‌కి ఇచ్చిన స్టాల్‌లో, అంటే గుర్రం ఉండే గదిలో, నాలుగు మూటల చెక్కపొట్టు పరిచి, రెండు బకెట్ల నీళ్ళు, గడ్డి వల కట్టేసరికి మధ్యాహ్నం అయింది. కళ్ళేనికి నంబరు తగిలించారు. స్టాల్ దాటి గుర్రం ఎటు వెళ్ళినా ఆ నంబరు ఉండాల్సిందే.

సాయంత్రం పోటీ ఆవరణ చుట్టూ తిప్పడానికి ఎక్కాను. మేపుల్‌కి అన్నీ కొత్త. సి అక్షరం దగ్గర జడ్జి కూర్చునే తెల్లటి చిన్న గది, దాని ముందు పూలకుండీలు. ఆ కుండీలు చూసి పక్కకి ఒక్క దూకు దూకింది. నేను పడలేదు గానీ రెండు చేతులతో పగ్గాలు గట్టిగా బిగించేశాను. అది తల పైకెత్తి ఇంకా బెదిరింది. కోచ్ కంచె పక్కనుంచి, "నువ్వు దాన్ని పట్టుకున్నావు, అది నిన్ను పట్టుకుంది. ముందు నువ్వు వదులు," అన్నారు. నాకు ఐదేళ్ళుగా అర్థమవుతూ, చేతుల్లోకి మాత్రం దిగని మాట ఇదే. భయం వేస్తే చెయ్యి ముడుచుకుంటుంది. గుర్రం నోట్లో ఇనప కడ్డీ ఉంటుంది. నా భయం మొత్తం ఆ కడ్డీ గుండా దాని నాలుక మీదకి వెళ్తుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు కష్టంగా ఉంటుంది.

అరగంట నడిపించాక కుండీల దగ్గర ఆగి పూలు వాసన చూసింది. ఆ రోజుకి చాలన్నారు.

శుక్రవారం: మొదటి టెస్టు

నాలుగింటికి లేచాను. పోటీలో మెడ వంపు కనపడేలా జూలుని చిన్న చిన్న జడలు అల్లి, ఒక్కోదాన్నీ మడిచి ముడిగా కుట్టడం ఆనవాయితీ. అక్కడ చాలామంది దీనికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకుంటారు. నాకు అవసరం లేదు. చిన్నప్పుడు అమ్మ స్కూలుకి పరుగెత్తే హడావుడిలో చెల్లెళ్ళిద్దరికీ జడలు వేసేది నేనే. పాయ తడిపి, మూడు భాగాలు చేసి, మొదటి మూడు అల్లికలు బిగువుగా వేస్తే జడ నిలబడుతుంది. మేపుల్ మెడకి 13 జడలు పడ్డాయి. దారం గుచ్చుతుంటే అది కళ్ళు సగం మూసుకుని, నా మోచేతికి మూతి ఆనించి నిలబడింది. ఈ మూడు రోజుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సమయం ఏదంటే, నిజం చెప్పాలంటే, ఆ తెల్లవారుజాములే. లాయమంతా గడ్డి నమిలే చప్పుడు. ఎక్కడో ఒక గుర్రం ముక్కుతో గాలి వదిలిన శబ్దం. పైకప్పు కింద పిచ్చుకలు.

7:40కి వార్మప్. పది పన్నెండు గుర్రాలు ఒకే చోట తిరుగుతుంటాయి. ఎదురెదురుగా వచ్చినప్పుడు నా ఎడమ భుజం నీ ఎడమ భుజం పక్కనుంచి పోవాలన్నది నియమం. ఇండియాలో రోడ్డు అలవాటు ఇంకా ఎక్కడో మిగిలి ఉందేమో, ప్రతిసారీ మనసులో ఒకసారి చెప్పుకుంటాను.

వార్మప్‌లో నేను లెక్క పెట్టుకునేది తెలుగులోనే. గుర్రం నడక నాలుగు దెబ్బలు, ఒక్కో కాలూ విడివిడిగా నేల తాకుతుంది: త-క-ధి-మి. ట్రాట్ రెండు దెబ్బలు, ఎదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి: త-క, త-క. కాంటర్ మూడు దెబ్బలు, తరవాత ఒక క్షణం నాలుగు కాళ్ళూ గాల్లో: త-కి-ట. డ్రెసాజ్ శిక్షణ మెట్లలో మొట్టమొదటిది లయ. ఆ తరవాతే సాగే గుణం, పగ్గంతో స్పర్శ, ముందుకు తోసే శక్తి, తిన్నదనం, చివరికి ఒళ్ళంతా కూడదీసుకోవడం. అమ్మ వీణ పాఠంలో తాళం వేయించినప్పుడు విసుగొచ్చేది. ఆ తాళం 35 ఏళ్ళ తరవాత కెంటకీలో గుర్రం మీద పనికొస్తోంది.

ఈ స్థాయి టెస్టుల్లో పక్కనుంచి ఒకరు వరుస చదివి వినిపించవచ్చు. ఆ పని మా అమ్మాయిది. మధ్యలో ఇ అక్షరం పక్కన కాగితం పట్టుకుని నిలబడింది. గంట మోగాక 45 సెకన్లలో లోపలికి రావాలి. 'ఏ' (A) అక్షరం దగ్గర లోపలికి వచ్చి, మధ్య గీత మీద ట్రాట్‌లో సాగి, ఆవరణ నడిమధ్య ఎక్స్ దగ్గర ఆగి, పగ్గాలు ఒక చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి కిందికి వదిలి తల వంచాను. జడ్జి కూడా తల వంచారు. ఆ ఒక్క నమస్కారం నాకు నచ్చుతుంది. ఎంత పెద్ద పోటీ అయినా ఎంత చిన్నదైనా అది మాత్రం ఒకటే.

ఎడమ వలయం బాగానే వచ్చింది. కాంటర్ ఒక అడుగు ఆలస్యంగా అందుకుంది. తరవాత ఫ్రీ వాక్. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఆవరణకి అడ్డంగా ఏటవాలుగా నడుస్తూ పగ్గాలు పొడుగ్గా వదిలేస్తే, గుర్రం మెడ ముందుకీ కిందికీ చాపి, వీపు ఊపుకుంటూ పెద్ద పెద్ద అంగలు వెయ్యాలి. ఏ విన్యాసమూ లేదు. కానీ దీని మార్కుని రెండుతో గుణిస్తారు. గుర్రం నిజంగా నెమ్మదిగా ఉందా, దానికి రైడర్ మీద నమ్మకం ఉందా అన్నది ఇక్కడ దాగదు. నేను పగ్గం వదిలాను, కానీ ఒక జానెడే. సి దగ్గర పూలకుండీలు నా కళ్ళలో ఉన్నాయి. అది తల దించబోయి, నా చెయ్యి అడ్డం తగిలి, మళ్ళీ ఎత్తేసింది.

ఆ కంగారులో తరవాత ట్రాట్ అందుకున్నాక ఇ దగ్గర కుడి వలయం తిరగాల్సింది, నేరుగా సాగిపోయాను. అమ్మాయి గట్టిగానే చదివింది, నాకే వినపడలేదు. గంట మోగింది. జడ్జి ఏ అక్షరం దగ్గర తప్పానో మర్యాదగా చెప్పి మళ్ళీ అక్కడ్నుంచి మొదలుపెట్టమన్నారు. మొదటి తప్పుకి 2 పాయింట్లు పోతాయి, రెండో దానికి 4, మూడో తప్పుతో పోటీలోంచి తీసేస్తారు. చదివేవాళ్ళు పక్కన ఉన్నా వరుస బాధ్యత స్వారీ చేసేవాళ్ళదే.

57.9 శాతం. మార్కుల కాగితం మీద ఫ్రీ వాక్‌కి 5. పక్కన పెన్సిల్‌తో, పగ్గం ఇంకా ఇవ్వాలి, గుర్రం అడుగుతోంది అని రాసి ఉంది. గుర్రం అడుగుతోంది అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

మధ్యాహ్నం మావారు పార్కులో తిప్పారు. మ్యాన్ ఓ వార్ అనే రేసు గుర్రం సమాధి, నిలువెత్తు కంచు విగ్రహం ఇక్కడే ఉన్నాయి. 21 పందేల్లో 20 గెలిచిన గుర్రం అది. దాని చుట్టూ నీళ్ళు, చెట్లు, జనం ఫొటోలు. ఆ తరవాత మ్యూజియం, అది మాత్రం త్వరగా చూసేశాం, నా మనసు అక్కడ లేదు.

రాత్రి ఎనిమిదింటికి తెనాలి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారి ఐదున్నర. అమ్మ 31 ఏళ్ళు టీచరుగా పనిచేసింది. "ఎన్నొచ్చాయే?" అంది. 57.9 అన్నాను. "సెకండ్ క్లాసు. పర్లేదు. ఎక్కడ పోయాయో చూసుకున్నావా?" అంది. గుర్రాల గురించి అమ్మకేమీ తెలియదు, కానీ అడగాల్సిన ప్రశ్న అదే.

పోయింది ఎక్కడో చెప్పాను. అప్పుడు అమ్మే గుర్తుచేసింది, స్టేషన్ దగ్గర జట్కా తాతని. మా తాతయ్యతో కలిసి నేను ఎక్కేదాన్ని. గంగానమ్మపేట మలుపు తిరిగాక ఆయన పగ్గాలు కొయ్యకి తగిలించి బీడీ వెలిగించుకునేవాడు. గుర్రం తల వంచుకుని తన దారిన తను నడిచేది. "నువ్వు భయపడేదానివి, తాతా పట్టుకో పట్టుకో అని," అంది అమ్మ. నాకు ఆ గుర్రం చెవులు మాత్రమే గుర్తున్నాయి, నడకకి తగ్గట్టు అటూ ఇటూ ఊగుతూ.

శనివారం: ఎండ, వాన, పక్క స్టాల్

పొద్దున తొమ్మిదికే ఎండ మాడుస్తోంది. జాకెట్లు వేసుకోకపోయినా పర్లేదని మైకులో చెప్పారు. హెల్మెట్ మాత్రం తప్పదు, గుర్రం మీద ఉన్నంతసేపూ ఉండాల్సిందే. నిన్నటి టెస్టే మళ్ళీ చేశాను. తప్పు లేకుండా 61.1 వచ్చింది. ఫ్రీ వాక్ 6. ఈసారి పగ్గం వదిలాను గానీ, అది తల దించగానే 'హమ్మయ్య' అనుకుని నా కాళ్ళు కూడా వదిలేశానట. నడక మెల్లగా, నీరసంగా అయిపోయింది. చేతులు వదిలినప్పుడు కాళ్ళు మాట్లాడుతూనే ఉండాలన్నారు కోచ్. బయటికి రాగానే రింగ్ స్టీవర్డ్ చేతికి కొత్త గ్లౌజు వేసుకుని మేపుల్ నోట్లో కళ్ళెం కడ్డీ నిబంధన ప్రకారం ఉందా అని వేలు పెట్టి చూశారు. ఈ తనిఖీ ఉండటం నాకు సంతోషం. గుర్రం తన నోరు నొప్పి పుడుతోందని చెప్పలేదు కదా.

రెండో టెస్టు 12:30కి. పన్నెండుకి పడమర నల్లబడింది. దూరంగా ఒక మెరుపు, వెంటనే మైకులో అందరూ దిగి గుర్రాల్ని లోపలికి తీసుకెళ్ళమని ప్రకటన. రేకుల మీద వాన మొదలైంది. రెండు గంటలు ఆగింది పోటీ.

ఆ రెండు గంటలూ మేపుల్ స్టాల్ ముందు బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను. పక్క స్టాల్ ముందు మడత కుర్చీలో ఒక పెద్దావిడ. చేతుల మీద ఎండ మచ్చలు, మోకాలికి పట్టీ. ఆవిడకి 76 ఏళ్ళట, గుర్రానికి 22. ఈ గుర్రాన్ని నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పట్నుంచి పెంచుకుంటోందట. డ్రెసాజ్ ఫౌండేషన్ వాళ్ళు సెంచురీ క్లబ్ అని ఒకటి నడుపుతారు. రైడర్ వయసు, గుర్రం వయసు కలిపి 100 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, ఇద్దరూ కలిసి ఏ స్థాయిలో అయినా ఒక టెస్టు చేస్తే అందులో చేర్చుకుంటారు. "మాకు 98 అయ్యాయి. ఏడాదికి రెండు కలుస్తాయి కదా, వచ్చే వేసవికి అందుతాం. ముందు ఇద్దరం ఆరోగ్యంగా ఉండాలి," అందావిడ. ఆ మాట చెప్తున్నప్పుడు గుర్రం వెనక నుంచి ఆవిడ భుజం మీద గడ్డం పెట్టింది.

నేను ఏ స్థాయి అని అడిగింది. "ట్రెయినింగ్ లెవెల్ మాత్రమే," అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తను ఒకప్పుడు థర్డ్ లెవెల్ దాకా వెళ్ళి డ్రెసాజ్ సమాఖ్య వాళ్ళ కాంస్య పతకం తెచ్చుకున్నదట. ఫస్ట్, సెకండ్, థర్డ్ మూడు లెవెల్స్‌లోనూ 60 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ మార్కులు చూపిస్తే అది ఇస్తారు. "ఇప్పుడు మళ్ళీ ట్రెయినింగ్ లెవెల్లోనే ఉన్నాను. దీని కీళ్ళకీ నా కీళ్ళకీ ఇది మంచిది. నేను 'మాత్రమే' అనను," అంది. నేనూ ఆ తరవాత అనలేదు.

నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి, 2023 ఆసియా క్రీడల గురించి ఆవిడే ఎత్తింది. హాంగ్‌జౌలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా కలిసి డ్రెసాజ్ టీమ్ స్వర్ణం గెలిచారు. గుర్రపు స్వారీలో మన దేశానికి 1982 తరవాత 41 ఏళ్ళకి వచ్చిన స్వర్ణం అది. ఆ సెప్టెంబరు రోజున నేను ఆఫీసులో ఫోన్ చూసి లేచి నిలబడిపోయాను. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్ డ్రెసాజ్‌లో మన దేశం తరఫున మొదటిసారి దిగిందీ అనుష్ అగర్వాలాయే. వీళ్ళు చిన్న వయసులోనే యూరప్ వెళ్ళి, ఇంటికి దూరంగా ఉండి నేర్చుకున్నవాళ్ళు. నాకూ వాళ్ళకీ పోలికే లేదు. అయినా ఎక్స్ దగ్గర ఆగి తల వంచేటప్పుడు వాళ్ళూ ఇదే చేశారు కదా అనుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

వాన వెలిశాక మూడింటికి రెండో టెస్టు. ఇసకలో నీళ్ళు నిలిచాయి. మేపుల్ ప్రతి గుంటనీ తప్పించాలని చూసింది. ఈ టెస్టులో ట్రాట్ చేస్తూనే మెడ ముందుకీ కిందికీ చాచనిచ్చే వలయం ఒకటి ఉంటుంది. అక్కడ బాగానే ఉంది, ఫ్రీ వాక్ మాత్రం 5.5. మొత్తం 59.8. పాపం, దాని తప్పేమీ లేదు.

నేను దిగిన వయోజన అమెచ్యూర్ విభాగం గురించి ఒక మాట. స్వారీ నేర్పి గానీ, వేరేవాళ్ళ గుర్రాలకి శిక్షణ ఇచ్చి గానీ డబ్బు తీసుకునేవాళ్ళు ఇందులో దిగడానికి లేదు, వాళ్ళకి ఓపెన్ విభాగం ఉంది. కాబట్టి ఇక్కడ నాతోపాటు ఉన్నది నర్సు, అకౌంటెంటు, స్కూలు బస్సు నడిపే ఆవిడ. అందరికీ సోమవారం డ్యూటీ ఉంది. స్టాల్, చెక్కపొట్టు, నాలుగు టెస్టుల ఫీజు కలిపి నాకు 600 డాలర్ల దాకా అయింది, హోటలూ డీజిలూ కాక. ఇందుకోసం ఏడాదిగా వేరే ఖర్చులు తగ్గించుకున్నాను. మావారికి ఇందులో ఏముందో పూర్తిగా అర్థం కాదు, అయినా మూడు రోజులుగా పేడ ఎత్తుతున్నది ఆయనే.

సాయంత్రం చల్లబడ్డాక ముగ్గురం పెద్ద స్టేడియం దాకా నడిచాం. 2010లో ప్రపంచ ఈక్వెస్ట్రియన్ క్రీడలు ఈ పార్కులోనే జరిగాయి, యూరప్ బయట జరగడం అదే తొలిసారి. నెదర్లాండ్స్ రైడర్ ఎడ్వర్డ్ గాల్ టోటిలాస్ అనే నల్లటి గుర్రం మీద డ్రెసాజ్‌లో ఉన్న మూడు స్వర్ణాలూ గెలిచాడు. ఖాళీ ఇసక మీద వాన నీళ్ళు మెరుస్తున్నాయి. మా అమ్మాయి ఇసకలో మడమతో గీత గీసి, "ఇదే ఎక్స్ అనుకో అమ్మా," అంది. నిలబడ్డాను. అక్కడ్నుంచి చూస్తే ఆవరణ చాలా పెద్దదిగా కనిపించింది.

ఆదివారం: ఆఖరి టెస్టు, ఇంటికి

పోటీ 9:12కి. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది, అది నాకే ఆశ్చర్యం. వార్మప్‌లో కోచ్ కొత్తగా ఏమీ చెప్పలేదు. ఫ్రీ వాక్ మొదలుపెట్టే ముందు ఊపిరి బయటికి వదలమన్నారు, అంతే. ఊపిరి వదిలితే భుజాలు దిగుతాయి, భుజాలు దిగితే మోచేతులు తెరుచుకుంటాయి. పగ్గం ఎక్కడ మొదలవుతుందో నేను ఇన్నాళ్ళూ వేళ్ళలో వెతికాను.

పూలకుండీలు అక్కడే ఉన్నాయి. లోపలికి వచ్చి, ఆగి, నమస్కరించి, కుడికి తిరిగాం. వలయాల్లో నా చూపు పావు వంతు ముందుకి పెట్టుకున్నాను. కాంటర్ అడగ్గానే అందుకుంది, త-కి-ట, త-కి-ట, మూల దగ్గర కాస్త వాలింది, సర్దుకుంది. నడకలోకి దిగాం. అమ్మాయి గొంతు వినిపించింది, ఫ్రీ వాక్. ఊపిరి వదిలాను. వేళ్ళ మధ్యనుంచి తోలు జారుతూ పోయింది, చివరి కుట్టు దాకా. మేపుల్ మెడ నా ముందు నుంచి పొడుగ్గా సాగి కిందికి దిగింది, ముక్కు ఇసకకి కాస్త ఎత్తులో. వీపు నన్ను అటూ ఇటూ ఊపుతోంది. నా కాళ్ళు ఒకటి తరవాత ఒకటి దాని పొట్టని తాకుతున్నాయి, కుడి, ఎడమ, కుడి. చెవులు ఆ నడకకే ఊగుతున్నాయి. సి దగ్గర కుండీల వైపు ఒక చెవి తిప్పింది, మళ్ళీ ముందుకి తిప్పేసుకుంది. కొన్ని సెకన్లు ఉంటుందేమో అదంతా. అప్పుడు నా చేతుల్లో బరువు అనేదే లేదు, అయినా అది నాతోనే ఉందని తెలుస్తోంది. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు.

చివరి ఆగడం కొంచెం వంకరగా వచ్చింది. ఒక వెనక కాలు వెనకే ఉండిపోయింది.

63.6. పద్నాలుగు మందిలో ఆరో స్థానం. అమెరికాలో నీలం రిబ్బన్ మొదటిది, తరవాత ఎరుపు, పసుపు, తెలుపు, గులాబీ, ఆరోది ఆకుపచ్చ. కాగితం మీద ఫ్రీ వాక్ దగ్గర 7. 7 అంటే బాగానే ఉంది అన్నట్టు, 10కి ఇంకా చాలా దూరం. పక్కన ఒక్క మాట, 'నమ్మకం'. ఆకుపచ్చ రిబ్బన్ మేపుల్ కళ్ళేనికి కట్టి ఫొటో తీస్తుంటే అది రిబ్బన్‌ని తినబోయింది.

పక్క స్టాల్ పెద్దావిడ వెళ్ళేముందు వచ్చి మేపుల్ నుదుటి చుక్క మీద చెయ్యి పెట్టి, "వచ్చే ఏడాది ఇక్కడే," అంది. తప్పకుండా అన్నాను. జడలు విప్పితే జూలంతా అలలు అలలుగా పడింది. చెక్కపొట్టు ఎత్తి, బకెట్లు కడిగి, జీను, పెట్టెలు సర్ది బయల్దేరేసరికి రెండున్నర. దారి పొడుగునా అమ్మాయి నిద్రపోయింది.

ఏడున్నరకి లాయం చేరాం. పట్టీలు విప్పి, కాళ్ళ మీద చెయ్యి వేసి ఎక్కడా వేడి లేదని చూసుకుని మేపుల్‌ని పచ్చికలోకి వదిలాను. నాలుగడుగులు వేసి, మోకాళ్ళు మడిచి, వీపు మీద అటూ ఇటూ దొర్లి లేచి ఒళ్ళు దులుపుకుంది. పొద్దున అంత శ్రమపడి తోమిన ఒళ్ళంతా మట్టి. తరవాత మిగిలిన గుర్రాల వైపు వెళ్ళిపోయింది.

తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తే అమ్మ అప్పుడే కాఫీ కలుపుకుంటోంది. 63.6 అన్నాను. "ఫస్ట్ క్లాసు," అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఇంకా ఎక్కడ పోయాయి?" అంది.

ఆఖరి హాల్ట్‌లో అన్నాను. 5.5. నాలుగు కాళ్ళూ చదరంగా నిలబడలేదని రాశారు. మంగళవారం సాయంత్రం ఆరింటికి క్లాసు. అక్కడ్నుంచే మొదలుపెడదామన్నారు కోచ్.